వర్డ్‌ప్రెస్ బ్లాగును ఫెడివర్స్‌తో కలపడం: యాక్టివిటీపబ్ ప్లగిన్‌కు సమగ్ర మార్గదర్శి

సొంత డొమైన్ మీద వర్డ్‌ప్రెస్ బ్లాగు నడుపుతూ, కొత్త టపా రాసిన ప్రతిసారీ దాని లంకెను ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ అతికించి పాఠకులను పిలుచుకోవలసి వస్తున్నవారి కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. యాక్టివిటీపబ్ అనే ఉచిత ప్లగిన్‌ను అమర్చుకుంటే మీ బ్లాగే ఒక సామాజిక మాధ్యమ ఖాతాగా పనిచేస్తుంది. మాస్టొడాన్ అనే సామాజిక మాధ్యమంలో ఖాతా ఉన్న పాఠకుడు తన చోటు నుంచి కదలకుండానే మీ బ్లాగును అనుసరించవచ్చు. మీరు ప్రచురించిన టపా అతని టైమ్‌లైన్‌కు చేరుతుంది, దాని కింద అతను రాసిన జవాబు మీ బ్లాగులో వ్యాఖ్యగా కనిపిస్తుంది, ఆ వ్యాఖ్యకు మీరు బ్లాగులోనే ఇచ్చిన సమాధానం తిరిగి అతనికి అందుతుంది.

తెలుగు బ్లాగుల తొలి రోజులు చూసినవారికి కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు గుర్తుండే ఉంటాయి. ఎవరి బ్లాగులో వారు రాసుకునేవారు. సంకలిని ఆ టపాలన్నిటినీ ఒకచోట చూపేది. పాఠకుడు అక్కడి నుంచి నేరుగా రచయిత ఇంటికే వచ్చి వ్యాఖ్య రాసేవాడు. ఆ తర్వాత చర్చ పెద్ద సంస్థల గోడల మీదికి తరలిపోయింది, దానితోపాటు వ్యాఖ్యలూ పోయాయి. ఏళ్ల తరబడి పోగైన ఆ సంభాషణలు ఇప్పుడు వెతికినా దొరకవు. రాతను, దాని చుట్టూ జరిగిన చర్చను మళ్ళీ రచయిత సొంత డొమైన్ మీదికే తెచ్చుకునే వీలు కల్పిస్తున్నందువల్లనే ఈ ప్లగిన్ గురించి ఇంత వివరంగా రాయదలచుకున్నాను.

ఇది ఎలా పనిచేస్తుంది

యాక్టివిటీపబ్ అన్నది ప్లగిన్ పేరు కావడానికి ముందు ఒక ప్రమాణం పేరు. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యు3సి సంస్థ 2018 జనవరి 23న దానిని అధికారికంగా సిఫారసు చేసింది. వేర్వేరు వ్యక్తులు, సంస్థలు నడిపే సర్వర్లు ఈ ప్రమాణం ప్రకారం పరస్పరం సందేశాలు పంపుకుంటాయి. అలా కలిసిన సర్వర్ల సముదాయాన్నే ఫెడివర్స్ అంటున్నారు. 2016లో జర్మనీకి చెందిన యూజెన్ రోచ్కో ప్రారంభించిన మాస్టొడాన్ అందులో బాగా పేరున్నది. చిత్రాలకు పిక్సెల్‌ఫెడ్, వీడియోలకు పీర్‌ట్యూబ్, చర్చా సముదాయాలకు లెమ్మీ ఉన్నాయి. జీమెయిల్ వాడే వ్యక్తి యాహూ వాడే వ్యక్తికి ఉత్తరం పంపగలిగినట్లే, వీటిలో ఒకచోట ఖాతా ఉన్నవారు మరొకచోట ఉన్నవారిని అనుసరించగలరు.

ప్లగిన్ మీ బ్లాగుకు నాలుగు సామర్థ్యాలను ఇస్తుంది. మొదటిది, ఫలానా చిరునామాగల ఖాతా ఇక్కడ ఉన్నదా అని ఇతర సర్వర్లు అడిగినప్పుడు జవాబు చెప్పడం. దీనికి వెబ్‌ఫింగర్ అనే పద్ధతి ఉంది. రెండవది, ఆ ఖాతా పేరు, బొమ్మ, పరిచయం, సంతకాలను సరిచూసే బహిరంగ తాళంచెవి ఉన్న ప్రొఫైల్ పత్రాన్ని యంత్రాలకు అర్థమయ్యే జేసన్ రూపంలో అందించడం. మూడవది, అనుసరించేవారి సర్వర్లకు కొత్త టపాలను పంపడం. నాలుగవది, వారి నుంచి వచ్చే జవాబులను, ఇష్టాలను, బూస్టులను (ఒకరి టపాను మరొకరు తమ అనుచరులకు పంచడం) స్వీకరించడం. మీరు పంపే ప్రతి సందేశం మీ ఖాతా రహస్యపు తాళంచెవితో సంతకమై వెళుతుంది కాబట్టి మీ పేరుతో మరొకరు పంపలేరు. తర్వాత ఏ ఇబ్బంది ఎదురైనా ఈ నాలుగింటిలో ఏది తెగిందో కనిపెడితే పరిష్కారం దొరుకుతుంది.

ఈ ప్లగిన్‌ను మొదట రాసినవారు మత్తియాస్ ఫెఫర్లె. వర్డ్‌ప్రెస్.కామ్‌ను నడిపే ఆటోమాటిక్ సంస్థ 2023లో దానిని తీసుకుని, ఆయననే ఆ పనిలో నియమించుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో 1.0 వెర్షన్, అక్టోబరులో వర్డ్‌ప్రెస్.కామ్ బ్లాగులకు కూడా ఈ సౌకర్యం వచ్చాయి. మీ బ్లాగు వర్డ్‌ప్రెస్.కామ్‌లోనే ఉంటే ప్లగిన్ వేసే పని లేదు. సెట్టింగ్స్‌లోని డిస్కషన్ పుటలో ఫెడివర్స్‌లో చేరే మీట ఉంటుంది. దానిని ఆన్ చేసి, పేరు ఎంపిక గురించి కింద రాసిన భాగాన్ని మాత్రం తప్పక చదవండి.

బ్లాగ్‌స్పాట్‌లో రాసేవారికి ఈ ప్లగిన్ పనికిరాదు, ఎందుకంటే అక్కడ ప్లగిన్లు వేసుకునే వీలు లేదు. వర్డ్‌ప్రెస్‌లో టూల్స్ కింద ఉన్న ఇంపోర్ట్ సదుపాయంతో బ్లాగర్ టపాలను, వ్యాఖ్యలను తెచ్చుకుని ఆ తర్వాత ఈ పనికి పూనుకోవచ్చు. బ్లూస్కై అనే మరో సామాజిక మాధ్యమం వాడేది వేరే ప్రమాణం కాబట్టి ఈ ప్లగిన్ నేరుగా అక్కడికి చేరదు; మధ్యలో బ్రిడ్జీ ఫెడ్ వంటి వంతెన కావాలి.

మొదటి అడుగు: బ్లాగు సిద్ధంగా ఉన్నదో లేదో చూసుకోవడం

బ్లాగు హెచ్‌టీటీపీఎస్ మీద నడవాలి. సర్టిఫికెట్ గడువు తీరి ఉండకూడదు. వర్డ్‌ప్రెస్‌ను తాజా వెర్షన్‌కు తెచ్చుకుని, డేటాబేస్‌కు ఒక బ్యాకప్ తీసి పెట్టుకోండి. సెట్టింగ్స్‌లోని పెర్మాలింక్స్ పుటలో ప్లెయిన్ అన్న ఎంపిక ఉంటే దానిని పోస్ట్ నేమ్‌కు గాని, తేదీతో కూడిన రూపానికి గాని మార్చండి. ప్లెయిన్ రూపంలో ప్లగిన్‌కు అవసరమైన చిరునామాలు పనిచేయవు.

బ్లాగు డొమైన్ మూలంలో ఉందా, లేక ఉప-ఫోల్డర్‌లో ఉందా అన్నది తర్వాత చూడాలి. ఇతర సర్వర్లు వెబ్‌ఫింగర్ ప్రశ్నను ఎప్పుడూ డొమైన్ మూలంలోనే, చుక్కతో మొదలయ్యే వెల్-నోన్ అనే ఫోల్డర్ చిరునామాలో అడుగుతాయి. మీ డొమైన్ మూలంలో వేరే వెబ్‌సైట్ ఉండి, బ్లాగు దాని కింద ఒక ఫోల్డర్‌లో ఉంటే ఆ ప్రశ్న బ్లాగుదాకా రాదు. అప్పుడు మూలంలోని అపాచీ హెచ్‌టీయాక్సెస్ ఫైలులో గాని, ఎంజిన్‌ఎక్స్ కాన్ఫిగరేషన్‌లో గాని వెబ్‌ఫింగర్, నోడ్‌ఇన్ఫో (సర్వర్ వివరాలు చెప్పేది) అనే రెండు చిరునామాలను బ్లాగు ఫోల్డర్‌కు మళ్ళించే నియమం రాయాలి. అలా మళ్ళించేటప్పుడు ప్రశ్నార్థకం తర్వాత ఉండే భాగం రాలిపోకుండా చూడాలి, ఎవరి గురించి అడుగుతున్నారో ఆ భాగంలోనే ఉంటుంది. బ్లాగు సబ్‌డొమైన్‌లో ఉంటే ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే ప్రశ్న నేరుగా ఆ సబ్‌డొమైన్‌కే వస్తుంది.

రెండవ అడుగు: పేరు నిర్ణయించుకోవడం

ప్లగిన్‌ను యాక్టివేట్ చేయకముందే తీరిగ్గా ఆలోచించవలసిన విషయం ఇది. ఫెడివర్స్‌లో ఖాతా చిరునామా రెండు @ గుర్తులతో ఉంటుంది: మొదట ఖాతా పేరు, తర్వాత డొమైన్. అనుసరించేవారు చేరిన తర్వాత ఈ రెంటిలో ఏది మారినా వారి సర్వర్ల దృష్టిలో పాత ఖాతా నోరు మూసుకున్నట్లే. కొత్త చిరునామా ఎవరిదో వాటికి తెలియదు. అందుకే ఇంకో ఏడాదిలో వదిలేద్దామనుకుంటున్న డొమైన్ మీద ఈ పని మొదలుపెట్టవద్దు. డొమైన్‌ను వీలైతే కొన్నేళ్లకు ఒకేసారి రెన్యూ చేయించి, ఆటో-రెన్యువల్ పెట్టుకోండి. ముందు త్రిపుల్ డబ్ల్యూ ఉంచాలా వద్దా అన్నదీ ఇప్పుడే తేల్చుకుని, ఒకదానిని మరొకదానికి శాశ్వతంగా మళ్ళించండి.

ఖాతా పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే వాడండి. మాస్టొడాన్ తెలుగు లిపిలోని ఖాతా పేర్లను గుర్తించదు. ప్రదర్శన పేరు మాత్రం నిక్షేపంగా తెలుగులోనే ఉండవచ్చు. టైమ్‌లైన్‌లో ముందుగా కనిపించేది అదే.

రచయిత ప్రొఫైల్ వాడదలిస్తే మరొక జాగ్రత్త కావాలి. ప్లగిన్ సాధారణంగా మీ వర్డ్‌ప్రెస్ లాగిన్ పేరునే ఖాతా పేరుగా బయటికి చూపిస్తుంది. మీరు అడ్మిన్ అనే పేరుతో లాగిన్ అవుతూ, అదే పేరుతో టపాలు రాస్తుంటే, ఆ పేరే ప్రపంచానికి మీ చిరునామా అవుతుంది. పాస్‌వర్డ్‌ను ఊహించే దొంగ యంత్రాలకు సగం పని తగ్గుతుంది. ఎడిటర్ హోదాతో మంచి పేరున్న వినియోగదారును కొత్తగా సృష్టించి, టపాలను ఆ పేరుకు మార్చి, అడ్మినిస్ట్రేటర్ ఖాతాను నిర్వహణకు మాత్రమే ఉంచుకోవడం ఉత్తమం.

మూడవ అడుగు: ప్లగిన్ స్థాపన, ప్రొఫైల్ ఎంపిక

డ్యాష్‌బోర్డ్‌లో ప్లగిన్స్ కింద కొత్తది చేర్చే పుటకు వెళ్ళి యాక్టివిటీపబ్ అని వెతికి, ఆటోమాటిక్ పేరు ఉన్న ప్లగిన్‌ను స్థాపించి యాక్టివేట్ చేయండి. సెట్టింగ్స్ కింద యాక్టివిటీపబ్ అన్న కొత్త పుట వస్తుంది. అక్కడ మొదట తేల్చవలసింది ప్రొఫైల్ విధానం.

మూడు విధానాలున్నాయి. రచయితల ప్రొఫైల్ విధానంలో టపాలు ప్రచురించే హక్కున్న ప్రతి వినియోగదారుకు ఒక ఖాతా ఉంటుంది. బ్లాగు ప్రొఫైల్ విధానంలో ఎవరు రాసినా అన్ని టపాలూ బ్లాగు పేరుతో ఒకే ఖాతా నుంచి వెళతాయి. మూడవ విధానంలో రెండూ ఉంటాయి. రచయిత ఖాతా టపాను పంపితే, బ్లాగు ఖాతా దానిని బూస్ట్ చేస్తుంది.

ఒక్కరే రాసే బ్లాగుకు మూడవ విధానం తగదని నా అభిప్రాయం. పాఠకులు కొందరు ఒక ఖాతా వెంట, కొందరు మరొకదాని వెంట చీలిపోతారు. రెంటినీ అనుసరించినవారికి ఒకే టపా రెండు రూపాల్లో ఎదురవుతుంది. మీ బ్లాగుకు మీ పేరు కంటే వేరైన పేరు స్థిరపడి ఉంటే బ్లాగు ప్రొఫైల్‌నూ, పాఠకులు మిమ్మల్ని వ్యక్తిగా గుర్తుంచుకుంటారనుకుంటే రచయిత ప్రొఫైల్‌నూ ఎంచుకుని దానికే కట్టుబడండి. నలుగురైదుగురు కలిసి నడిపే సాహిత్య పత్రిక వంటి వాటికి మాత్రం మూడవ విధానం బాగా కుదురుతుంది.

బ్లాగు ప్రొఫైల్‌కు ప్లగిన్ మొదట డొమైన్ పేరునే ఖాతా పేరుగా ఇస్తుంది, అంటే చిరునామాలో డొమైన్ రెండుసార్లు వస్తుంది. అది చూడడానికి బాగోదనిపిస్తే బ్లాగు ప్రొఫైల్ పుటలో చిన్న పేరు ఇవ్వవచ్చు. ఎవరూ అనుసరించకముందే ఆ పని పూర్తిచేయండి. బొమ్మ, శీర్షిక చిత్రం, రెండు మూడు వాక్యాల పరిచయం కూడా అప్పుడే పెట్టండి. పరిచయం లేని ఖాళీ ఖాతాను ఫెడివర్స్ జనం తొందరగా నమ్మరు.

నాలుగవ అడుగు: టపా అవతల ఏ రూపంలో కనిపించాలి

మాస్టొడాన్‌లో రాసేవారికి మామూలుగా 500 అక్షరాల పరిమితి ఉంటుంది గాని, బయటి నుంచి వచ్చేదానికి ఆ పరిమితి వర్తించదు. మీ టపా ఎంత పొడవైనా మొత్తం వెళ్ళగలదు. పొడవైనదానిని మాస్టొడాన్ మడిచి చూపి, ఇంకా చదవమనే లంకె ఇస్తుంది. అలా మొత్తం పంపాలా, లేక సారాంశమూ లంకె మాత్రమే పంపాలా అన్నది మీ నిర్ణయం.

సెట్టింగ్స్‌లో టపాను నోట్‌గా పంపాలా, ఆర్టికల్‌గా పంపాలా అన్న ఎంపిక ఉంటుంది. వర్డ్‌ప్రెస్ పోస్ట్ ఫార్మాట్‌ను బట్టి ప్లగిన్‌నే తేల్చుకోనివ్వవచ్చు కూడా. నోట్‌గా పంపినది మాస్టొడాన్‌లో పూర్తి పాఠంగా కనబడుతుంది. ఆర్టికల్‌గా పంపినదానికి మాస్టొడాన్ శీర్షికను, సారాంశాన్ని, లంకెను చూపుతుంది. నోట్ ఎంచుకున్నవారు టపా మూసను కూడా మార్చుకోవచ్చు: శీర్షిక, పాఠం, సారాంశం, లంకె, హ్యాష్‌ట్యాగులు, ఒక్కొక్కదానికి ఒక్కో షార్ట్‌కోడ్ ఉంది, వాటిని కావలసిన వరుసలో పేర్చుకుంటే సరిపోతుంది.

కవితలు, చిన్న వ్యాఖ్యానాలు రాసేవారు మొత్తం పాఠాన్ని పంపడమే మేలని నా సలహా. ఫెడివర్స్‌లో చదివేవారు లంకె నొక్కి బయటికి వెళ్ళడం కన్నా ఉన్నచోటే చదివి అక్కడే స్పందించడానికి ఇష్టపడతారు. పెద్ద వ్యాసాలకు, పట్టికలు, పాదసూచికలు ఉన్నవాటికి మాత్రం సారాంశమే మంచిది, ఎందుకంటే మాస్టొడాన్ చాలా ఫార్మాటింగ్‌ను తీసేస్తుంది. సారాంశాన్ని ఎడిటర్‌లోని ఎక్సర్‌ప్ట్ పెట్టెలో మీరే రాయండి. యంత్రం కత్తిరించిన సారాంశం వాక్యం మధ్యలో తెగుతుంది, క్రియ చివర వచ్చే తెలుగు వాక్యం అలా తెగితే ఏమి జరిగిందో కూడా తెలియదు.

చిత్రాలకు మీడియా లైబ్రరీలో ఆల్ట్ టెక్స్ట్ తప్పక రాయండి. ప్లగిన్ దానిని చిత్రంతోపాటు పంపుతుంది. చూపు లేనివారు స్క్రీన్ రీడర్‌తో వినేది ఆ వివరణనే. ఫెడివర్స్‌లో వివరణ లేని చిత్రాన్ని పంచుకోవడానికి చాలామంది వెనుకాడతారు.

బ్లాక్ ఎడిటర్ పక్క పట్టీలో ఫెడివర్స్ అనే విభాగం కొత్తగా చేరుతుంది. ఆ టపాను అందరికీ పంపాలా, నిశ్శబ్దంగా ప్రచురించాలా, అసలు పంపకుండా బ్లాగుకే పరిమితం చేయాలా అన్నది అక్కడే ఎంచుకోవచ్చు; సున్నితమైన విషయమైతే హెచ్చరిక వాక్యం జోడించవచ్చు. ప్రచురించేముందు ఫెడివర్స్ ప్రివ్యూ చూసే వీలూ ఉంది, మొదటి కొన్ని టపాలకు దానిని చూడడం అలవాటు చేసుకోండి. పాస్‌వర్డ్ పెట్టిన టపాలు బయటికి వెళ్ళవు.

ఐదవ అడుగు: పరీక్షించడం

పరీక్షకు మాస్టొడాన్‌లో మీకో, మీ మిత్రులెవరికో ఖాతా ఉండాలి. ముందుగా వర్డ్‌ప్రెస్‌లో టూల్స్ కింద సైట్ హెల్త్ పుట తెరవండి. ప్లగిన్ అక్కడ తన సొంత పరీక్షలను చేరుస్తుంది; రచయిత చిరునామా అందుబాటులో ఉందో లేదో, వెబ్‌ఫింగర్ జవాబిస్తున్నదో లేదో అవి చెబుతాయి. అక్కడ లోపం కనిపిస్తే ముందుకు పోకుండా దానిని సరిచేయండి.

అంతా సవ్యంగా ఉంటే మాస్టొడాన్‌లో లాగిన్ అయి, వెతుకు పెట్టెలో మీ బ్లాగు పూర్తి చిరునామాను రెండు @ గుర్తులతో సహా ఇవ్వండి. లాగిన్ కాకుండా వెతికితే ఆ సర్వర్‌కు ఇంతవరకు తెలియని ఖాతా దొరకదు. ప్రొఫైల్ కనిపించగానే అనుసరించి, వర్డ్‌ప్రెస్‌లో అనుచరుల జాబితాలో ఆ పేరు చేరిందో లేదో చూడండి. ఆ తర్వాతే ఒక కొత్త టపా ప్రచురించండి. ప్లగిన్ అనుచరులకే టపాలను పంపుతుంది కాబట్టి ఒక్కరూ అనుసరించకుండా ప్రచురించి ఎదురుచూసినా ఫలితం ఉండదు.

బ్లాగులో వందల టపాలున్నా మాస్టొడాన్‌లో మీ ప్రొఫైల్ ఖాళీగా కనిపిస్తే కంగారుపడనక్కరలేదు. అనుసరించిన తర్వాత ప్రచురించినవే అక్కడికి చేరతాయి. ఏదైనా పాత టపాను ఎవరికైనా చూపాలంటే దాని లంకెను మాస్టొడాన్ వెతుకు పెట్టెలో అతికిస్తే ఆ ఒక్కటీ తెచ్చుకుంటుంది.

కొత్త టపా వెంటనే రాకపోవడం కూడా మామూలే. ప్లగిన్ సందేశాలను వర్డ్‌ప్రెస్ క్రాన్ (నిర్ణీత వేళకు పనులు చేయించే ఏర్పాటు) ద్వారా వాయిదా వేసి పంపుతుంది, పదిహేను నిమిషాల దాకా పట్టవచ్చు. ఆ క్రాన్ నడవాలంటే బ్లాగుకు ఎవరో ఒకరు రావాలి. సందర్శకులు తక్కువగా ఉన్న బ్లాగులో గంటల తరబడి పని ఆగిపోవచ్చు. హోస్టింగ్ ప్యానెల్‌లో క్రాన్ జాబ్ పెట్టి, వర్డ్‌ప్రెస్ క్రాన్ ఫైలును ప్రతి అయిదు నిమిషాలకు పిలిచేలా చేస్తే ఈ సమస్య శాశ్వతంగా తీరుతుంది.

ఖాతా దొరకనప్పుడు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి దీని మీద కొంత ఎక్కువ సేపు నిలుస్తాను. కారణం దాదాపు ఎప్పుడూ ప్లగిన్‌లో ఉండదు. దాని ముందు నిలబడిన క్యాష్ (పుటల ప్రతులను దాచి త్వరగా అందించే ఏర్పాటు), భద్రతా ప్లగిన్, హోస్టింగ్ నియమాలలో ఉంటుంది.

క్యాష్ సంగతి ముందు చూద్దాం. మీ టపా చిరునామా ఒకటే గాని, దానిని అడిగేవారు రెండు రకాలు. బ్రౌజర్ వచ్చి అడిగితే మామూలు పుట ఇవ్వాలి, మాస్టొడాన్ సర్వర్ వచ్చి అడిగితే జేసన్ పత్రం ఇవ్వాలి. ఎవరికి ఏది కావాలో వారు పంపే యాక్సెప్ట్ అనే హెడర్ చెబుతుంది. క్యాష్ ప్లగిన్ ఆ హెడర్‌ను పట్టించుకోకుండా చిరునామాను మాత్రమే చూస్తే, ముందు వచ్చినవారికి ఇచ్చినదే తర్వాతివారికీ ఇచ్చేస్తుంది. మాస్టొడాన్‌కు మామూలు పుట అందితే ఖాతా గాని టపా గాని దొరకలేదంటుంది. అంతకంటే ఇబ్బందికరమైనది, మీ పాఠకుడు టపా తెరిస్తే రాతకు బదులు మీసాల బ్రాకెట్లతో నిండిన జేసన్ కోడ్ కనబడడం.

లైట్‌స్పీడ్ క్యాష్, సర్జ్ వంటి వాటితో సర్దుకుపోయే ఏర్పాటు ప్లగిన్‌లోనే ఉంది. వేరే క్యాష్ వాడుతుంటే దాని సెట్టింగ్స్‌లో యాక్సెప్ట్ హెడర్‌ను బట్టి ప్రతులను వేరుచేసే ఎంపిక ఉందేమో వెతకండి. లేకపోతే క్యాష్‌ను మార్చడమే దారి. సైట్ల ముందు నిలిచి రక్షణ, వేగం ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ సేవ తనంతట తాను పుటలను క్యాష్ చేయదు, కాని అన్నిటినీ క్యాష్ చేయమని మీరు నియమం రాసి ఉంటే ఈ చిక్కు వస్తుంది. ఆ నియమాన్ని తీసేయండి. ఏ మార్పు చేసినా పాత క్యాష్‌ను పూర్తిగా ఖాళీ చేసిన తర్వాతే మళ్ళీ పరీక్షించండి.

రెండవ అనుమానితుడు భద్రతా ప్లగిన్. లాగిన్ కానివారికి రెస్ట్ ఏపీఐని (ఇతర ప్రోగ్రాములు వర్డ్‌ప్రెస్‌తో మాట్లాడే మార్గం) మూసేయడం, రచయిత సంఖ్యతో వచ్చే చిరునామాలను దాడిగా భావించి ఆపేయడం అలాంటి ప్లగిన్లకు అలవాటు. ఇతర సర్వర్లు మీ బ్లాగుకు సందేశాలు ఇచ్చే ద్వారం రెస్ట్ ఏపీఐలోనే ఉంది, ప్రొఫైల్ పత్రం రచయిత సంఖ్య ఉన్న చిరునామాలోనే ఉండవచ్చు. కాబట్టి రెస్ట్ ఏపీఐలో యాక్టివిటీపబ్ భాగానికి మినహాయింపు ఇవ్వండి, రచయిత చిరునామాల నిషేధాన్ని తొలగించండి. రచయిత పుటలను పూర్తిగా ఆపేసే ఎస్ఈఓ ప్లగిన్ సెట్టింగ్ ఉంటే దానినీ చూడండి. క్లౌడ్‌ఫ్లేర్‌లో యంత్రాలకు పరీక్ష పెట్టే రక్షణ ఆన్‌లో ఉంటే వచ్చే జవాబులు గుమ్మంలోనే ఆగిపోతాయి, ఎందుకంటే మాస్టొడాన్ సర్వర్ కూడా యంత్రమే. మీరు పంపినవి వెళుతూ, అవతలి నుంచి ఏవీ రాకపోవడం ఈ లోపానికి గుర్తు.

మూడవది హోస్టింగ్. వెల్-నోన్ ఫోల్డర్‌ను ఉచిత ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ల ధ్రువీకరణకు కూడా వాడతారు. కొన్ని హోస్టింగ్‌లలో ఆ ఫోల్డర్‌లోని ప్రశ్నలు వర్డ్‌ప్రెస్ దాకా రాకుండా సర్వరే ఫైలు లేదని జవాబిచ్చేస్తుంది. ఇది మీ చేతిలో లేకపోతే, వెబ్‌ఫింగర్ చిరునామాను వర్డ్‌ప్రెస్‌కు అప్పగించమని హోస్టింగ్ సహాయ కేంద్రానికి ఆ మాటల్లోనే రాయండి. ఫెడివర్స్, మాస్టొడాన్ అని వివరించబోతే విషయం పక్కదారి పట్టవచ్చు.

తెలుగులో రాసేవారు ప్రత్యేకంగా చూసుకోవలసినవి

సెట్టింగ్స్‌లోని జనరల్ పుటలో సైట్ భాషను తెలుగుగా పెట్టండి. ప్లగిన్ ప్రతి టపాతోపాటు భాషా సంకేతాన్ని పంపుతుంది. సైట్ భాష ఇంగ్లీషుగా ఉంటే మీ తెలుగు టపా ఇంగ్లీషు టపాగా నమోదవుతుంది. తెలుగు మాత్రమే చూడాలని ఎంచుకున్న పాఠకుడికి అది కనబడకపోవచ్చు, అనువాద మీట కూడా తప్పుగా పనిచేస్తుంది. డ్యాష్‌బోర్డ్ ఇంగ్లీషులో ఉంటేనే సౌకర్యమనుకునేవారు తమ వినియోగదారు ప్రొఫైల్‌లో భాషను విడిగా ఇంగ్లీషుకు మార్చుకోవచ్చు.

టపా శీర్షికను తెలుగులో రాస్తే వర్డ్‌ప్రెస్ లంకెను కూడా తెలుగులోనే తయారుచేస్తుంది. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి, లంకెలో అవి శాతం గుర్తులతో 9 అక్షరాలవుతాయి. కృష్ణా అన్న చిన్న మాటలోనే ఆరు సంకేతాలున్నాయి, అంటే 54 అక్షరాలు. వర్డ్‌ప్రెస్ లంకె పేరుకు 200 అక్షరాల హద్దు ఉంది కాబట్టి ఇరవై రెండు సంకేతాలు దాటగానే మీ శీర్షిక తెగిపోతుంది. ప్రచురించే ముందే రెండు మూడు మాటల పొట్టి లంకెను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం మంచిది.

ఫెడివర్స్‌లో మీ రాతను పరిచయం లేనివారి ముందుకు తోసే అల్గారిథమ్ సాధారణంగా ఉండదు. కొత్త పాఠకులు మిమ్మల్ని కనుగొనేది ఒకటి బూస్టుల వల్ల, రెండు హ్యాష్‌ట్యాగుల వల్ల. వర్డ్‌ప్రెస్‌లో టపాకు పెట్టిన ట్యాగులను ప్లగిన్ హ్యాష్‌ట్యాగులుగా మార్చి పంపుతుంది. హ్యాష్‌ట్యాగులో ఖాళీ ఉండదు కాబట్టి ఒకే మాటగానో, కలిపి రాసినా చదవగలిగే సమాసంగానో ట్యాగులను ఎంచుకోండి. తెలుగు అన్న మాటను తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లీషు లిపిలో ఒకటి ప్రతి టపాకూ పెట్టమని సూచిస్తాను. మనవాళ్ళు డాలస్‌లో ఉన్నా, దుబాయిలో ఉన్నా, ఏ సర్వర్‌లో ఖాతా తెరిచినా తోటి తెలుగువారి కోసం వెతికేది ఆ మాటతోనే.

వ్యాఖ్యలు, వాటి నిర్వహణ

ఫెడివర్స్ నుంచి వచ్చిన జవాబులు మామూలు వ్యాఖ్యల్లాగే డ్యాష్‌బోర్డ్‌లో చేరతాయి. మీరు పెట్టుకున్న ఆమోద నియమాలు, అకిస్మెట్ ప్లగిన్ చేసే స్పామ్ వడపోత వాటికీ వర్తిస్తాయి. ఇష్టాలు, బూస్టులు టపా కింద స్పందనలుగా కనిపిస్తాయి.

మీరు లాగిన్ అయి వ్యాఖ్యకు సమాధానమిస్తే అది అవతలి వ్యక్తికి చేరుతుంది. కాని బ్లాగుకు నేరుగా వచ్చి పేరూ మెయిలూ ఇచ్చి రాసిన మామూలు సందర్శకుడి వ్యాఖ్య ఫెడివర్స్‌కు వెళ్ళదు. ఒకే టపా కింద ఇద్దరు పాఠకులు వాదించుకుంటున్నట్లు మీకు కనిపించినా, మాస్టొడాన్‌లో ఉన్నవారికి ఒక పక్షం మాటలే వినిపిస్తూ ఉండవచ్చు. అటువంటప్పుడు మీ సమాధానంలో ఎదుటివారి మాటను ఒక వాక్యంలో చెప్పడం మర్యాద.

వేధించే ఖాతాలను, సర్వర్లను ఆపడానికి సెట్టింగ్స్‌లోని డిస్కషన్ పుటలో నిషేధిత వ్యాఖ్యల పెట్టె ఉంది. అక్కడ ఆ సర్వర్ డొమైన్‌ను ఒక వరుసలో రాస్తే అక్కడి నుంచి వచ్చేవి ఆగుతాయి. వివాదాస్పదమైన విషయాల మీద రాసేవారు మొదటి నెలలో ప్రతి వ్యాఖ్యనూ ఆమోదించాకే చూపే ఏర్పాటు పెట్టుకోవడం మంచిది.

టపాను సవరిస్తే సవరణ సందేశం, తొలగిస్తే తొలగింపు సందేశం ఇతర సర్వర్లకు వెళతాయి. చాలా సర్వర్లు వాటిని పాటిస్తాయి, కాని పాటించి తీరాలని బలవంతం చేసే మార్గం లేదు. ఒకరి ఫోన్ నంబరు, ఇంటి వివరాలు పొరపాటున టపాలో పడితే వెనక్కి తీసుకోవడం మీ బ్లాగులో ఉన్నంత తేలిక కాదు. ప్రచురించే మీట నొక్కేముందు ఒకసారి చదువుకునే అలవాటు ఇక్కడ ఇంకా ముఖ్యం.

టపాకు లంకె ఉన్నప్పుడు, అది చేరిన ప్రతి మాస్టొడాన్ సర్వరూ ప్రివ్యూ కోసం మీ పుటను అడుగుతుంది. ఎక్కువమంది బూస్ట్ చేసిన టపాకు కొద్ది నిమిషాల్లోనే వందల సర్వర్లు రావచ్చు. చిన్న షేర్డ్ హోస్టింగ్‌లో ఉన్నవారికి పైన చెప్పిన విధంగా సరిచేసుకున్న క్యాష్ ఇందుకే అవసరం. క్యాష్‌ను పూర్తిగా తీసేయడం పరిష్కారం కాదు.

ఇంతకుముందే మాస్టొడాన్‌లో ఖాతా ఉంటే

అక్కడి అనుచరులను బ్లాగుకు తెచ్చుకోవచ్చు. ముందుగా వర్డ్‌ప్రెస్‌లో మీరు ఎంచుకున్న ప్రొఫైల్‌కు సంబంధించిన పుటలో ఖాతా మారుపేర్ల పెట్టె ఉంటుంది. అందులో మాస్టొడాన్ చిరునామా రాసి భద్రపరచండి. తర్వాత మాస్టొడాన్ సెట్టింగ్స్‌లో ఖాతా విభాగానికి వెళ్ళి, వేరే ఖాతాకు మారే ఎంపికలో బ్లాగు చిరునామాను, పాస్‌వర్డ్‌ను ఇవ్వండి. అనుచరులు కొద్దికొద్దిగా బదిలీ అవుతారు. పాత టపాలు మాత్రం అక్కడే ఉండిపోతాయి, పాత ఖాతా చదవడానికే మిగులుతుంది, మళ్ళీ మారాలంటే 30 రోజులు ఆగాలి.

రోజూ కబుర్లు చెప్పుకోవడానికి మాస్టొడాన్ ఖాతా, నిలిచి ఉండవలసిన రాతలకు బ్లాగు అని విడిగా ఉంచుకోవడమే చాలామందికి నప్పుతుంది. బ్లాగు ఖాతా పంపిన టపాను వ్యక్తిగత ఖాతా నుంచి బూస్ట్ చేస్తే పాత అనుచరులకూ తెలుస్తుంది. బ్లాగు పక్క పట్టీలో ప్లగిన్ ఇచ్చే ఫాలో మీ బ్లాక్‌ను కూడా పెట్టండి, ఫెడివర్స్ పాఠకులు అందులో తమ చిరునామా ఇచ్చి చేరగలరు.

మానుకోవాలనుకుంటే

ప్లగిన్‌ను డీయాక్టివేట్ చేసినంత మాత్రాన ఇతర సర్వర్లకు సంగతి తెలియదు. అక్కడ మీ ప్రొఫైల్, పాత టపాల ప్రతులు అలాగే ఉంటాయి. అనుచరులను వేరే ఖాతాకు పంపదలిస్తే ప్లగిన్ నడుస్తుండగానే ఆ పని చేయాలి. అన్నిటినీ చెరిపేయమని కోరదలిస్తే, సర్వర్ కమాండ్ లైన్ అందుబాటులో ఉన్నవారికి వర్డ్‌ప్రెస్ సీఎల్ఐలో ప్లగిన్ సెల్ఫ్-డిస్ట్రక్ట్ అనే ఆదేశాన్ని ఇస్తుంది. అది తెలిసిన సర్వర్లన్నిటికీ ఖాతా తొలగింపు సందేశం పంపుతుంది. ఆ తర్వాత అదే చిరునామాతో తిరిగి వస్తే చాలా సర్వర్లు స్వీకరించవు. కొంతకాలం విరామం మాత్రమే కావాలనుకునేవారు ఈ ఆదేశం జోలికి పోకుండా, ప్లగిన్‌ను అలాగే ఉంచి, ప్రతి టపాకూ ఎడిటర్‌లో పంపవద్దన్న ఎంపికను పెట్టుకుంటే సరిపోతుంది.